అటకెక్కని హెలికాప్టర్

భోజనాల బల్ల మీద భోజనం చేసేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

నిజంగానే చెబుతున్నా. పాపం, వాళ్ళ జీవితంలో ఇంకేముంది? కంచం పెట్టుకుంటారు, తింటారు, తుడుస్తారు, లేస్తారు. నాలుగు కాళ్ళున్న ఒక ప్రాణి ఇంత చిన్న పనికి పుట్టిందా?

అదే బల్ల మీద విడి భాగాలుగా పరిచిన రిమోట్ హెలికాప్టర్ ఒకటి ఉందనుకోండి. ఆ ఇంటి దశే మారిపోతుంది. ఈ కాలం కంపెనీలు ఏ వస్తువూ పూర్తిగా చేసి అమ్మట్లేదనీ, అట్టపెట్టెలో ముక్కలు పోసి "మీరే బిగించుకోండి" అంటున్నాయనీ మీరంతా మూలుగుతున్నారు. కుర్చీ అలాగే వస్తోంది, బీరువా అలాగే వస్తోంది, చంటిపిల్లల ఉయ్యాల కూడా అలాగే వస్తోంది. మూలగకండి. అది మోసం కాదు, వరం! మా బావని ఉదాహరణగా తీసుకుని నిరూపిస్తాను. చదవడం పూర్తయ్యేసరికి మీరే ఒక పెట్టె తెప్పించుకుంటారు.

మా బావ పళ్ళ డాక్టరు. మా పెద్దక్క మొగుడు. వాళ్ళిద్దరూ పై అంతస్తులో ఉంటారు, నేను కింది గదిలో ఉంటాను. నా గదిలో ఒక మంచం, ఒక ఫ్యాను, ఒక మంచి టేకు బల్ల. ఆ బల్ల ముందు కూర్చునే నేను పేపర్లో కాలమ్ రాస్తూ లోకానికి బుద్ధులు చెబుతుంటాను. సరే, నా సంగతి వదిలేయండి. ఇది బావ కథ.

ఉన్నట్టుండి బావకి హెలికాప్టర్ మీద మనసెందుకు పడింది? తోడల్లుడి వల్ల. మగాళ్ళు చేసే గొప్ప పనుల్లో సగం తోడల్లుళ్ళ వల్లే జరుగుతాయి. మిగతా సగం చెడిపోవడానికీ వాళ్ళే కారణం.

మా చిన్నక్క మొగుడు ఒక డ్రోన్ కొన్నాడు. పెట్టె విప్పాడు, బ్యాటరీ పెట్టాడు, బటన్ నొక్కాడు, అది ఎగిరింది. అంతే. అప్పట్నుంచి ఇంట్లో అందరం ఆయన్ని రెడీమేడ్ బావ అంటాం. ఎదురుగా కాదు లెండి.

"ఇందులో నీ గొప్పేముంది తమ్ముడూ?" అన్నాడు డాక్టరు బావ. "బటన్ ఎవడైనా నొక్కుతాడు. ఈ చేతులు చూడు. వేలు పట్టని చోట పని చేసే చేతులు. నాదాన్ని నేనే తయారు చేసుకుంటా."

"చేసుకో అన్నయ్యా. ఎగిరే రోజు చెప్పు, వస్తా. ఆ రోజుకి నాకు మోకాళ్ళ నొప్పులు రాకుండా ఉంటే."

ఆ మాట మీద వచ్చింది పెట్టె.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. పేరుకి అది భోజనాల బల్లే గానీ, అసలు అది అక్క పనిబల్ల. అక్క కర్టెన్లు కుడుతుంది. కర్టెన్ గుడ్డంటే రుమాలు కాదు కదా, నిలువునా పరిచి కత్తిరించాలి. అంత పొడుగు జాగా పై అంతస్తులో ఆ బల్లొక్కటే. కుట్టుమిషను కూడా దాని పక్కనే ఉంటుంది. "రెండ్రోజుల్లో తీసేస్తానే" అని బావ ఆ బల్ల మీద పెట్టె బోర్లించాడు.

ఆ రెండ్రోజులు ఎప్పుడయ్యాయో, అయ్యాక ఏమయ్యాయో ఎవరికీ తెలీదు. బల్ల మీద మాత్రం క్లినిక్ నుంచి తెచ్చిన స్టీలు ట్రేలు వరసగా ఉన్నాయి. ఒకదాన్లో స్క్రూలు, ఒకదాన్లో బేరింగులు, ఒకదాన్లో ఏవో తెలియని రింగులు. పైన దంతాలు చూసే లైటు. పక్కనే నోట్లో పెట్టే చిన్న అద్దం. దూరం నుంచి చూస్తే ఎవరికో పెద్ద ఆపరేషన్ జరుగుతున్నట్టే ఉంటుంది. కనిపించనిది పేషెంటు ఒక్కడే.

అక్క నేల మీదకి దిగింది. గుడ్డ నేల మీద పరిచి, తను దాని మీదకి వంగి, మోకాళ్ళ మీద పాకుతూ కత్తిరిస్తోంది. నడుము, మెడ, మోకాళ్ళు, అన్నీ ఒకే దెబ్బకి వంగుతాయి. ఇదే వ్యాయామం కోసం జనం పొద్దున్నే పార్కుకి పోయి, రంగురంగుల చాపలు పరుచుకుని, ఎవరో ఈల ఊదుతుంటే చేస్తారు. అక్కకి ఇంట్లోనే, పని జరుగుతూనే! వరం అన్నానా, లేదా?

భోజనాలు వంటగదిలో, గట్టు ముందు నిలబడి. నిలబడి తిన్నవాడు రెండోసారి వడ్డించుకోడు. బావ పొట్ట తగ్గింది. అక్క ఓపిక కూడా తగ్గింది. రెండూ ఆరోగ్యానికి మంచివేగా?

ఇక కుటుంబ ఐక్యత సంగతి చెబుతాను. బియ్యపు గింజలో సగం ఉండే స్క్రూ ఒకటి జారి కింద పడిందంటే ముగ్గురం నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి వెతికేవాళ్ళం. ఇంటిల్లిపాదీ ఒకే దిక్కుకి చూడటం ఈ మధ్య మీ ఇంట్లో ఎప్పుడైనా జరిగిందా? మా ఇంట్లో రోజూ జరిగేది.

పెట్టెలో ఒక పుస్తకం కూడా వచ్చింది, ఎలా బిగించాలో చెప్పేది. అందులో ప్రతి పేజీలోనూ ఒకే వాక్యం: "గట్టిగా బిగించండి. అతిగా బిగించకండి." ఎంత గొప్ప మాటో చూడండి! పెళ్ళికి, పిల్లలకి, ఉద్యోగానికి, నడుముకి పెట్టుకునే బెల్టుకి, అన్నిటికీ పెద్దవాళ్ళిచ్చే సలహా ఇదే. గట్టికీ అతికీ మధ్య గీత ఎక్కడుందో మాత్రం వాళ్ళూ చెప్పరు, పుస్తకమూ చెప్పదు.

మీకు హెలికాప్టర్ లోపలేముంటుందో తెలీకపోతే కంగారు పడకండి, మా బావకీ తెలీదు. చూసి నేను నేర్చుకున్నదిది. మోటారుకి ఒక చిన్న పళ్ళచక్రం. ఆ చిన్నది ఒక పెద్ద పళ్ళచక్రాన్ని తిప్పుతుంది. పెద్దదాని మధ్యలో నిలువుగా ఒక కడ్డీ. ఆ కడ్డీ నెత్తి మీద రెక్కలు. అంతే హెలికాప్టర్. మిగతా సామానంతా ఈ నాలుగూ ఒకదాన్నొకటి వదిలేసి పోకుండా పట్టుకోవడానికి.

పళ్ళచక్రం అన్న మాట చదవగానే బావ మొహం వెలిగిపోయింది. "చూశావురా, ఎటు తిరిగినా నా శాఖే" అన్నాడు.

గాల్లో ఆ యంత్రం వణికే వణుక్కి ఎంత బిగించిన స్క్రూ అయినా ఊడొచ్చేస్తుందట. అందుకని ఇనుముకి ఇనుము తగిలే చోట, స్క్రూ మరల మీద ఒక నీలం మందు చుక్క వెయ్యాలి. అది ఆరి పట్టుకుంటుంది. ఒక్క చుక్కే. బావ ఆ సంగతి ఉన్న పేజీని, స్క్రూలన్నీ బిగించేశాక చదివాడు. అన్నీ విప్పాడు. చుక్క చుక్క వేస్తూ మళ్ళీ బిగించాడు. దంతాల్లో పుచ్చు వెతికే కొక్కెంతో వేశాడు ఆ చుక్కలు. ఏ స్క్రూకీ నొప్పి తెలీనంత సున్నితంగా.

ఒకదానికి మాత్రం తల అరిగిపోయింది. తిరగదు, రాదు. బావ లైటు దగ్గరికి లాక్కుని, పన్ను పీకే పట్టకారు తీసుకుని, అలవాటు కొద్దీ "కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది, అయిపోయింది" అన్నాడు. స్క్రూతో. నేల మీద గుడ్డ కత్తిరిస్తున్న అక్క తలెత్తి చూసింది.

"నన్ను మీరు అనే పిలుస్తారా ఇకనుంచి?" అంది.

"నిన్నెందుకు?"

"ఆ స్క్రూకున్న మర్యాద నాకూ ఉంటే బావుండునని."

అలా సాగిపోతున్న సంసారంలోకి హోటలువాళ్ళ పని వచ్చింది. కొత్త హోటలు. గదులన్నిటికీ కర్టెన్లు. అక్క ఇన్నాళ్ళూ ఒక ఇంటికి రెండు, ఇంకో ఇంటికి మూడు కుట్టింది గానీ ఇంత పెద్ద పని చేతికి రావడం ఇదే మొదలు. గుడ్డ సోమవారం పొద్దున వస్తుంది. అది నేల మీద పాకుతూ కోసే గుడ్డ కాదు. కొస ఒక్క వేలు వంకర పోయినా గదిలోకి ఎండ వస్తుంది, హోటలువాళ్ళు వెనక్కి పంపేస్తారు.

అక్క గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కత్తెర పక్కన పెట్టి, చీర సర్దుకుని, బావ ఎదురుగా నిలబడింది.

"ఏమండీ, ఆదివారం ఇది ఎగరాలి. ఎగిరితే మీ పని అయిపోయినట్టు, బల్ల నాది. ఎగరకపోతే అటకెక్కుతుంది. అప్పుడూ బల్ల నాదే."

"అంటే ఎలాగైనా..."

"ఎలాగైనా."

బావ తలెత్తి అటక వైపు చూశాడు. అటక సంగతి ఆయనకి తెలుసు. అక్కడ ఆయన గిటారు ఉంది, చేపలు పట్టే గాలం ఉంది, రొట్టెలు కాల్చే పొయ్యి ఉంది. అటకెక్కిన వస్తువు కిందికి దిగిన చరిత్ర మా ఇంట్లో లేదు. పైగా రెడీమేడ్ బావకి అప్పుడే కబురు వెళ్ళిపోయింది. ఆయన "మోకాళ్ళు బావున్నాయి, తప్పకుండా వస్తున్నా" అని జవాబు పెట్టాడు.

చివరి పని మిగిలింది. చిన్న పళ్ళచక్రాన్ని పెద్దదానికి ఎంత దగ్గరగా పెట్టాలో చూసుకుని మోటారుని బిగించడం. పుస్తకంలో ఇలా ఉంది: "రెండు చక్రాల మధ్య ఒక కాగితం పెట్టి, దగ్గరికి నెట్టి, మోటారు బిగించండి. తరవాత కాగితం తీసేయండి."

ఇది చదివి బావ నవ్వుకున్నాడు. ఇరవై ఏళ్ళ అనుభవం నవ్వే నవ్వది. మీరెప్పుడైనా పన్ను కట్టించుకున్నారా? చివర్లో డాక్టరు ఒక రంగు కాగితం పళ్ళ మధ్య పెట్టి "కొరకండి" అంటాడు చూడండి, ఉల్లిపొర కంటే పలచన, అది. ఏ పన్ను ఏ పన్నుకి ఆనిందో దాని రంగు చెబుతుంది. కాగితం అన్న మాట వినగానే పళ్ళ డాక్టరుకి ఇంకే కాగితం గుర్తొస్తుంది?

క్లినిక్ నుంచి ఆ కాగితం తెచ్చాడు. చక్రాల మధ్య పెట్టాడు. మోటారుని నెట్టాడు, తిప్పాడు, తీసి చూశాడు. ఒక పన్ను మీద రంగు సరిగ్గా పడలేదు. ఇంకొంచెం నెట్టాడు. అన్ని పళ్ళ మీదా రంగు సమానంగా పడేదాకా వదల్లేదు. అప్పుడు నీలం చుక్క వేసి బిగించాడు. వెనక్కి వాలి, చేతులు తుడుచుకుని, "నా సర్వీసులో ఇంత చక్కగా కుదిరిన కాటు చూడలేదు" అన్నాడు.

ట్రేలో ఒక స్క్రూ మిగిలింది.

"కంపెనీవాడు ప్రేమగా ఒకటి ఎక్కువేశాడు" అన్నాడు బావ.

"లేదా మీరు ప్రేమగా ఒకటి తక్కువేశారు" అంది అక్క.

బావ దాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. మిగిలిన స్క్రూ కూడా వరమే సుమండీ. మనిషికి వినయం నేర్పేది అదొక్కటే.

ఆదివారం పొద్దున అందరం మైదానానికి వెళ్ళాం. అక్క పేపరు పరుచుకుని గట్టు మీద కూర్చుంది. మొహంలో ఏ భావమూ లేదు. చేతిలో కొలతల టేపు ఉంది, దాన్ని వేలికి చుడుతోంది, విప్పుతోంది. రెడీమేడ్ బావ డ్రోన్ని అప్పటికే గాల్లోకి పంపి, అది చెట్ల మీద తిరుగుతుంటే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డాక్టరు బావ హెలికాప్టర్ని నేల మీద పెట్టాడు. దూరంగా జరిగాడు. రిమోట్ మీద వేలు ఆనించి మెల్లగా నెట్టాడు.

రెక్కలు కదిలాయి. బద్ధకంగా ఒక చుట్టు, ఇంకో చుట్టు. దాంతోపాటే ఒక శబ్దం మొదలైంది. ఎవరో పలక మీద మేకుతో గీకుతున్నట్టు, గీకుతూ ఏడుస్తున్నట్టు. అవతల బంతాట ఆడుతున్నవాళ్ళు ఆట ఆపేశారు. మోటారు నుంచి కమురు వాసన వచ్చింది. రెక్కలు ఆగిపోయాయి.

రెడీమేడ్ బావ కట్టుకున్న చేతులు విప్పాడు.

"అన్నయ్యా, తెలీక అడుగుతున్నా" అన్నాడు రెడీమేడ్ బావ. "ఇది ఏడ్చాక ఎగురుతుందా, లేక ఏడవడానికే చేశావా?"

"అటక మీద పాత సూట్‌కేసు పక్కన జాగా ఉంది" అంది అక్క, టేపు వేలికి చుడుతూ. "పొద్దున్నే దులిపాను."

బావ వెళ్ళి హెలికాప్టర్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్న చక్రాన్ని వేలితో తిప్పుతూ చెవి దగ్గర పెట్టి విన్నాడు. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ విన్నాడు. రోజూ క్లినిక్‌లో పేషెంటు కుర్చీ పక్కన వంగినప్పుడుండే మొహం వచ్చింది ఆయనకి.

"పళ్ళు నూరుతోంది" అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు రెడీమేడ్ బావ.

"నిద్రలో పళ్ళు నూరే పేషెంట్లుంటారు. అచ్చం ఇదే చప్పుడు. వాళ్ళకి నేనేం చెబుతాను?"

"వచ్చే వారం మళ్ళీ రమ్మంటావు."

"పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య కాస్త ఎడం ఉండాలని చెబుతాను. పళ్ళకి తొడుగు చేసిస్తాను, ఎడం కోసమే." ఆగాడు. "దీనికి నేనే ఎడం లేకుండా బిగించాను. కొరకడానికి పెట్టాల్సినట్టు పెట్టాను. ఇవి కొరకవు. తిరుగుతాయి."

"పేషెంట్లకి చెప్పేది ఇంట్లో పాటించడం ఇదే మొదలు" అంది అక్క.

బావ సంచీ విప్పాడు. మోటారు స్క్రూలకి రాత్రి వేసిన మందు గట్టిగా పట్టుకుపోయింది. "కొంచెం ఓర్చుకోండి" అంటూనే బలం పెట్టాడు. టక్కుమని వదిలింది.

"కాగితం కావాలి."

"క్లినిక్‌కి వెళ్ళి తెస్తారా?"

"ఆ కాగితం కాదు. మామూలు కాగితం. నువ్వు కూర్చున్నావే, అది."

అక్క ఆయన్ని తేరిపార చూసింది. "బల్ల అయిపోయింది. ఇప్పుడు కూర్చునేది కూడానా?"

అన్నది గానీ, పక్కకి జరిగి, పేపరు కొసని వేళ్ళతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. కత్తెర లేకుండానే గీత గీసినట్టు పొడుగాటి ముక్క వచ్చింది. ఆ ముక్కలో ఎవరి కాలమ్ ఉందో నేను చెప్పను. ఒక రచన సమాజానికి ఇంత సూటిగా ఉపయోగపడటం మాత్రం నా ఎరుకలో అదే మొదటిసారి.

బావ ఆ ముక్కని చక్రాల మధ్య పెట్టి, మోటారుని నెట్టి, మందు చుక్క వేసి బిగించాడు. తరవాత పెద్ద చక్రాన్ని మెల్లగా తిప్పాడు. కాగితం రెండో వైపు నుంచి బయటికొచ్చింది, ఒళ్ళంతా సన్నటి మడతలు పడి.

అక్క దాన్ని తీసుకుని ఎండకి పెట్టి చూసింది. "కుచ్చులు సమంగా పడ్డాయి" అంది. పెట్టె వచ్చినప్పట్నుంచి ఆ యంత్రాన్ని ఆమె మెచ్చుకున్న మాట అదొక్కటే.

మందు ఆరేదాకా ఆగాం. రెడీమేడ్ బావ ఈలోగా నాలుగు జోకులు వేశాడు, అవి రాయదగినవి కావు. బావ మళ్ళీ రిమోట్ పట్టుకున్నాడు.

ఈసారి శబ్దం వేరు. తేనెటీగ గొంతు లాగా సన్నగా మొదలై, చిక్కబడి, రెక్కలు కనిపించకుండా పోయి, వాటి చోట ఒక పలచటి పళ్ళెం మాత్రం మిగిలింది. గడ్డి పక్కకి వాలింది. హెలికాప్టర్ నేలని వదిలింది. మోకాలి ఎత్తు, నడుము ఎత్తు. కాస్త తూలింది, మళ్ళీ నిలబడింది. ఆపైన మా తలలు దాటి పోయింది.

బావ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. ఆయన పళ్ళన్నీ నేను చూడటం అదే మొదలు. బావున్నాయి.

డ్రోన్ బ్యాటరీ అయిపోయి పొదలో పడింది. రెడీమేడ్ బావ దాని వైపు చూడలేదు. మెల్లగా దగ్గరికొచ్చి, "ఒక్కసారి నాకివ్వవా అన్నయ్యా" అన్నాడు.

"దీనికి బటన్ లేదు తమ్ముడూ" అన్నాడు బావ, ఆకాశం మీద నుంచి చూపు తిప్పకుండా.

అందరికంటే సంతోషించింది అక్క. పేపరు మడిచి లేచి, టేపు కొంగుకి ముడేసుకుని, "అయిపోయింది కదా. ఇంటికెళ్ళగానే బల్ల తుడిచేస్తాను" అంది.

అప్పుడు తీశాడు బావ పుస్తకం. చివరి పేజీ. ఇన్నాళ్ళూ అక్కడిదాకా వచ్చే యోగం పట్టలేదు.

"ఎగిరిన ప్రతిసారీ," అని చదివాడు, "అన్ని స్క్రూలూ పరీక్షించి, వదులైనవి విప్పి, తుడిచి, మందు వేసి, మళ్ళీ బిగించవలెను. పళ్ళచక్రాల మధ్య ఎడం సరిచూసుకొనవలెను."

"ప్రతిసారీనా?" అంది అక్క.

"ప్రతిసారీ. గాల్లో ఉండగా ఊడితే ఎవరి నెత్తి మీద పడుతుందో."

"ఎక్కడ పెట్టి విప్పుతారు?"

బావ పుస్తకం మూసేశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం ఈసారి నవ్వలేదు.

చూశారా యంత్రశాస్త్రంలోని న్యాయం! ఎగరకపోయి ఉంటే అటకెక్కేది. ఎగిరింది కాబట్టి మళ్ళీ బల్లెక్కింది. ఆ సాయంత్రమే ట్రేలు పరిచాడు, లైటు వెలిగించాడు, అన్నీ విప్పి, చూసి, బిగించాడు. ఈసారి రెండు స్క్రూలు మిగిలాయి.

సోమవారం పొద్దున హోటలువాళ్ళ బండి వచ్చి గుడ్డ చుట్టలు దింపి పోయింది. అక్క ఒక చుట్ట భుజాన వేసుకుని మెట్ల మధ్యలో నిలబడింది. పైకి చూసింది. పైన బావ "కొంచెం ఓర్చుకోండి" అంటున్నాడు. కిందికి చూసింది. చెప్పానుగా, అక్క గొడవ పడే మనిషి కాదు. మెట్లు దిగింది.

కాబట్టి పాఠకులారా, నా మాట నమ్మండి. నిలబడి తినడం పొట్టకి మంచిది. నేల మీద పాకడం నడుముకి మంచిది. మంచం అంచున కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, కుట్టుమిషను చప్పుడు మధ్య కాలమ్ రాయడం కూడా దేనికో ఒకదానికి మంచిదే అయ్యుంటుంది. నా టేకు బల్ల పొడుగు సరిగ్గా సరిపోయిందని అక్క చాలా సంతోషంగా ఉంది. వెడల్పు మాత్రం కాస్త చాలట్లేదట. "ఆ కాళ్ళు పైకి తియ్యరా, మంచం మీద కూడా పరచాలి" అంటోంది. తీశాను. ఈ చివరి వాక్యాలు కాళ్ళు తీసే రాస్తున్నాను.

కంపెనీవారికి ఒక్కటే మనవి. మీరు ప్రేమగా పెట్టెలో స్క్రూలు ఎక్కువే వేస్తున్నారు. మీ మంచితనానికి మేమంతా రుణపడి ఉన్నాం. ఇకనుంచి ప్రతి పెట్టెతో పాటు ఒక బల్ల కూడా పంపండి.

బిగించే పంపండి.